బర్రెలు తాగని నీళ్లు

పాల మిషను కప్పులు పొదుగుకు తగిలించగానే చుక్క మళ్లీ కాలు విసిరింది. నాలుగు కప్పులూ తడి గచ్చు మీద పడి బుస్సుమన్నాయి. యమున మిషను ఆపి, కప్పులు కడిగి పక్కన పెట్టి, బర్రె డొక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. చర్మం కింద సన్నగా వణుకు తెలుస్తోంది. చుక్క తన్నే బర్రె కాదు. రెండు ఈతల నుంచి యమున చేతికే పాలిస్తోంది. నుదుటి మీద చిన్న తెల్లమచ్చ తప్ప ఒళ్లంతా నలుపే. పేరు పెట్టి పిలిస్తే చెవులు వెనక్కి తిప్పి వినేది. ఇప్పుడు పిలిచినా చెవులు కదలడం లేదు.

శామీర్‌పేట దాటి కీసర వైపు పోయే రోడ్డులో, రెండు రిసార్టుల ప్రహరీల నడుమ ఉంది ఆ డెయిరీ. ఇరవై రెండు బర్రెలు. పాలు పిండటం, కడగటం యమున పని. గడ్డి కోయటం, పెండ ఎత్తటం బాలరాజు పని. యజమానురాలు జానకీదేవి ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ కొట్టం పెట్టింది. మొన్న ఎండాకాలంలో దాన్ని పూర్తిగా మార్పించింది. మట్టి నేల పోయి గచ్చు వచ్చింది. సిమెంటు తొట్ల స్థానంలో స్టీలు తొట్లు వచ్చాయి. తొట్టిలో నీళ్లు కాస్త తగ్గితే చాలు, చిన్న మోటరు దానంతటదే మొదలై మళ్లీ నింపుతుంది. పనివాళ్లకు మోకాళ్ల దాకా గమ్‌బూట్లు కూడా కొన్నది. రెండు నెలలుగా పాలు తగ్గుతూనే ఉన్నాయి.

యమున మిషను జోలికి పోకుండా చుక్కను విప్పి తొట్టి దగ్గరకు నడిపించింది. పొద్దటి నుంచి ఎండుగడ్డి, దాణా తిన్న జీవం. చుక్క మెడ చాచి, మూతిని నీళ్లకు జానెడు దూరంలో ఆపింది. ముక్కుపుటాలు తెరుచుకున్నాయి. నాలుక చివరతో పిల్లి గతికినట్టు రెండుసార్లు గతికింది. అంతలో మోటరు గుర్రుమంది. చుక్క తల విదిల్చి, నాలుగడుగులు వెనక్కి వేసి, తోక ఒంటికి అదుముకుని నిలబడింది.

అటుగా పెండ బండి తోసుకుపోతున్న బాలరాజు, మోటరు చప్పుడుకు బెదురుతున్నట్టుందన్నాడు. నిజమేనేమో అనుకుంది యమున. కానీ గడ్డి కోసే మిషను అంతకు పదింతలు మోత చేస్తుంది. దాని పక్కనే పడుకుని ఇవే బర్రెలు నెమరు వేస్తాయి.

అయిదు గంటలకు పాల వ్యాను వచ్చింది. డ్రైవరు సుధీర్ క్యాన్లు ఎక్కిస్తుంటే జానకీదేవి గోడ మీది నల్లబోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబడింది. నిన్నటి కన్నా మరో ఆరు లీటర్లు తక్కువ. డాక్టరు రెండుసార్లు వచ్చి చూశాడు. పురుగుల మందు తాగించారు, దాణా మార్చారు. జబ్బేమీ లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గరుంది. బోర్డు మీది అంకె కేసి చాలాసేపు చూసి, ఆమె ఇటు తిరిగింది.

యమున అప్పటికి చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, గేటు దాకా వచ్చింది. భుజాన గుడ్డ సంచి.

"యమునా, ఆ సంచి ఒకసారి ఇప్పు" అంది జానకీదేవి.

యమునకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, సంచి దించి, ముడి విప్పింది. అన్నం డబ్బా, ముఖం తుడుచుకునే తువ్వాల, మూత బిగించిన స్టీలు క్యాను. జీతంతో పాటు రోజుకు లీటరు పాలు మొదటి నుంచి ఉన్న ఒప్పందమే. జానకీదేవి కొలగిన్నె తెప్పించి, క్యానులో పాలు అందులోకి వంచింది. ఖచ్చితంగా లీటరు. అయినా ఆమె ముఖం తేట పడలేదు. మీ అత్తకు దేవరయాంజాల్ మలుపు దగ్గర చాయ్ కొట్టు ఉన్నదట కదా అని అడిగింది. ఉన్నదంది యమున. ఇక పాలు ఇంటికి తీసుకుపోవద్దనీ, కావాలంటే ఇక్కడే తాగి పొమ్మనీ, కొట్టంలో కెమెరా పెట్టిస్తున్నాననీ చెప్పింది జానకీదేవి. గొంతు పెంచలేదు. బడిలో పిల్లవాడి నోటుబుక్కు తిరిగిచ్చినట్టే చెప్పింది.

సుధీర్ వ్యాను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది తుడిచే ఉంది. బాలరాజు పార ఆనించుకుని నేల చూస్తున్నాడు. యమున ఖాళీ క్యానుకు మూత పెట్టింది. మరలు సరిగా కూర్చోలేదు. విప్పి, మళ్లీ పెట్టింది. సంచి ముడి వేసుకుని రోడ్డు మీదికి నడిచింది.

దేవరయాంజాల్ మలుపు దగ్గర ఆటో దిగేసరికి అత్త యాదవ్వ స్టవ్వు మీద చాయ్ మరిగిస్తోంది. కత్తెరతో పాల ప్యాకెట్టు మూల కత్తిరించి గిన్నెలోకి వంచుతోంది. కొట్టు పెట్టిన నాటి నుంచి ప్యాకెట్టు పాలే. యమున తెచ్చే లీటరు ఇంట్లో పిల్లలకు, పెరుగుకు సరిపోయేది. యమున బల్ల మీద కూర్చుని జరిగింది చెప్పింది. యాదవ్వ వింటూనే ఇద్దరికి చాయ్ పోసి ఇచ్చింది. గిరాకీ పోయాక స్టవ్వు తగ్గించింది.

"ఇగ పోకు పిల్లా. చేసిన దినాల జీతం మీ ఆయిన పోయి తెస్తడు."

"నేను పోకుంటె నిజమే అనుకుంటరు అత్తమ్మా." యమున గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది, తాగడం లేదు. "ఇంకోటి, అవి నీళ్లు తాగుతలేవు. నీళ్లు తాగని బర్రెకు పాలెట్లొస్తయి? గదేందో సూడాలె."

మర్నాడు ఆమె వెళ్లేసరికి కొట్టం మూల కెమెరా బిగించి ఉంది. యమున దాని వైపు ఒకసారి చూసి, బూట్లు వేసుకుని పనిలోకి దిగింది. పొద్దటి పాలు అయ్యాక కొట్టం కడగడానికి బర్రెల్ని బయట ఆవరణలోకి వదిలారు. అవి గేటు దాటగానే పరుగు తీశాయి. గడ్డి మిషను వెనక, పగలగొట్టకుండా వదిలేసిన పాత సిమెంటు తొట్టి ఒకటుంది. నిన్నటి వాన నీళ్లు అందులో నిలిచి, తొట్టి గోడల పాత పాచి పైన పచ్చగా తేలుతోంది. బర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మూతులు ముంచాయి. గుటకలు వేసే చప్పుడు కొట్టం దాకా వినిపిస్తోంది. వెనకబడ్డవి ముందున్న వాటి నడుముల మీద తలలు ఆనించి వంతు కోసం చూస్తున్నాయి.

యమున చీపురు పట్టుకునే అటు చూస్తూ ఉండిపోయింది. పాచి నీళ్లకు ఇంత కొట్లాట. లోపల తేటగా బోరు నీళ్లున్నా మూతి పెట్టవు.

ఆమె ప్లాస్టిక్ బకెట్టు తీసుకుని స్టీలు తొట్టిలోనే ముంచింది. ఆ నీళ్లు తీసుకుపోయి చుక్క ముందు పెట్టింది. చుక్క వాసన చూసి, మూతి ముంచి, బకెట్టు అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. యమున మళ్లీ తెచ్చింది. మళ్లీ తాగింది. నాలుగో బకెట్టుకు గాని చుక్క ఊపిరి వదలలేదు. అవే నీళ్లు. అయితే తప్పు నీళ్లలో లేదన్నమాట.

అయిదో బకెట్టు కోసం వంగినప్పుడు నీళ్లు తొణికి ఎడమ బూటులో పడ్డాయి. పాదం లోపల పచపచమంది. ఆమె బూటు లాగి, ఒంటికాలి మీద తూలుతూ, కుడి బూటు కూడా విప్పేసి, తడి గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడింది. బూటు బోర్లించి నీళ్లు ఒంపుతూ ఆసరాకు రెండో చేత్తో తొట్టి అంచు పట్టుకుంది.

మోటరు గుర్రుమంది. అరచేతిలో చీమలు లేచాయి. మణికట్టు దాటి, మోచేతి దాకా బిలబిలమంటూ పాకాయి. యమున చెయ్యి లాక్కుంది. చెయ్యి చూసుకుంది. ఏమీ లేదు. తొట్టి నిండింది, మోటరు ఆగింది.

ఆమె బూట్లు తొడుక్కుని అంచు పట్టుకుంది. ఏమీ లేదు. ఒక బకెట్టు నీళ్లు తీసింది. మోటరు మొదలైంది. బూట్లతో పట్టుకుంది. ఏమీ లేదు. బూట్లు విప్పి, ఈసారి ఒక్క వేలితో, కొస తగిలీ తగలనట్టు తాకింది. ఉన్నాయి. అవే చీమలు.

పలుపులు కట్టే ఇనుప కమ్మీల వెంట వరసగా ఇరవై రెండు ఖాళీ చోట్లున్నాయి. రెండు నెలలుగా బర్రెలు ఇక్కడే తడిసిన డెక్కలతో నిలబడుతున్నాయి. తొట్టి ఆ కమ్మీలకే బిగించి ఉంది.

జానకీదేవి ఇంటి వరండాలో పేపరు చదువుకుంటోంది. యమున మెట్ల కింద నిలబడి చెప్పింది. తొట్టికి కరెంటు వస్తోందనీ, తన చేతికి తగిలిందనీ, అందుకే అవి తాగడం లేదనీ. జానకీదేవి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, లేచి వచ్చింది. తొట్టి నిండుగా ఉంది. మోటరు ఆగి ఉంది. ఆమె రబ్బరు చెప్పులతోనే గచ్చు మీదికి వచ్చి, తొట్టిలో మణికట్టు దాకా చెయ్యి ముంచి, నిమిషం సేపు ఉంచింది. అంచు పట్టుకుని చూసింది. కమ్మీ పట్టుకుని చూసింది.

"నాకేం అనిపిస్తలేదు" అంది. చెయ్యి తుడుచుకుంది. "కరెంటుంటే పెట్టెల స్విచ్చే పడిపోవాలె కదా. అంత ఖర్చు పెట్టి పెట్టిచ్చింది ఎందుకు? నిన్నటి మాటకు ఇయ్యాల కరెంటు దొరికిందా యమునా?"

చెప్పులు విప్పి చూడమ్మా అనే మాట యమున నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దావిడతో ఆ మాట ఎలా అనాలో తెలియక ఆగిపోయింది. జానకీదేవి ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం యమున, బాలరాజు కలిసి ఇరవై రెండు బర్రెలకూ ప్లాస్టిక్ బకెట్లతోనే నీళ్లు పెట్టారు. భుజాలు లాగేశాయి. బూట్లు లేకుండా తొట్టినీ కమ్మీనీ ముట్టుకోవద్దని యమున చెబితే, బాలరాజు ముందు నవ్వి, తర్వాత తానే బూటు విప్పి ఒక వేలు పెట్టి చూసి, గబుక్కున తీసుకున్నాడు. ఆపైన నవ్వలేదు.

పని అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. శామీర్‌పేట బస్సుస్టాపు వెనక జలీల్ మోటరు వైండింగు దుకాణం. అరవై దాటిన మనిషి. మోటరు గర్భంలోంచి కాలిన రాగితీగ పీకుతూ, చెయ్యి ఆపకుండానే ఆమె మాట విన్నాడు. ఎప్పుడు వస్తుందని అడిగాడు. మోటరు నడిచినప్పుడే అంది. బూట్లుంటేనా, లేకుంటేనా అన్నాడు. లేకుంటేనే అంది. తొట్టి నుంచి మోటరు దాకా పైపు ప్లాస్టిక్‌దా, ఇనుపదా అన్నాడు. స్టీలుదే అంది. అప్పుడు ఆయన పట్టుకారు కింద పెట్టాడు.

"ఇయ్యాల చీమలే బేటీ. లోపల తీగకు ఇంకొంచెం తడి తగిల్తే రేపు ఏమైతదో నేను చెప్పలేను. ఆ తొట్టి ఎవ్వరు ముట్టొద్దు."

ఆ డెయిరీ బోరు మోటరు రెండుసార్లు ఆయన దగ్గరే బాగుపడింది. జానకీదేవి నంబరు ఫోనులో ఉంది. అక్కడికక్కడే మాట్లాడాడు. తొట్ల మోటరు స్విచ్చి ఆపి ఉంచమనీ, పొద్దున వచ్చి చూస్తాననీ చెప్పాడు. అవతలి మాట యమునకు వినిపించలేదు. ఫోను పెట్టేశాక ఆయన, సరేనన్నది అని మాత్రం అన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి జలీల్ మోపెడ్ మీద వచ్చాడు. జానకీదేవి చేతులు కట్టుకుని కొట్టం గడప మీద నిలబడింది. ఆయన సంచిలోంచి అరచేయంత మీటరు తీసి, దాని ఒక మొనను తొట్టి అంచుకు ఆనించాడు. తడి గచ్చు మీద ఒక ఇనుప రేకు పరిచి, దానికి రెండో మొన ఆనించాడు. మీటరులో సున్నా. జానకీదేవి యమున వైపు చూసింది.

జలీల్ తొందరపడలేదు. తొట్ల మోటరు స్విచ్చి వేయమని, నీళ్లు తీయమని యమునతో అన్నాడు. ఆమె బూట్లతో నిలబడి ప్లాస్టిక్ బకెట్టు ముంచింది. మోటరు గుర్రుమంది. మీటరులో అంకెలు కదిలి, పన్నెండు దగ్గర ఆగాయి. ఆయన మీటరు ఎత్తి జానకీదేవికి చూపించాడు.

పన్నెండే కదా, స్కూటరు బ్యాటరీకి కూడా అంతే ఉంటుంది కదా అంది ఆమె.

"మీకు నాకు అంతే అమ్మగారు. మన కాళ్లకు రబ్బరు ఉన్నది. వాటివి నాలుగు కాళ్లు, నాలుగూ తడి. పెట్టేదేమో నాలుక." జలీల్ మోటరు ఆపించాడు. "తాగబోతే నీళ్లు తగ్గుతయి. తగ్గితే మోటరు నడుస్తది. నడిస్తే తగుల్తది. తాగినందుకు కొడుతున్నట్టే గదా."

జానకీదేవి కట్టుకున్న చేతులు విప్పింది.

ఆయన గోడకున్న కరెంటు పెట్టె దగ్గరకు పోయి, మెయిను ఆపి, మూత తెరిచాడు. లోపల గడ్డి నుసి మేట వేసింది. ఒక మూల తీగ బిగించిన మర వదులై, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా మాడి ఉంది. దాని పైనే అటక, అటక నిండా ఎండుగడ్డి. ఆయన ఆ నల్లమచ్చ మీద వేలు రాసి బాలరాజుకు చూపించాడు. బాలరాజు తలెత్తి గడ్డి వైపు చూశాడు. తర్వాత జలీల్ చూపు ఒక స్విచ్చి దగ్గర ఆగింది. మామూలు వాటి కన్నా వెడల్పుగా ఉంది. దాని మీద చిన్న బొత్తాము ఉంది. పైన వచ్చే తీగల నుంచి కింద పోయే తీగలకు, ఆ స్విచ్చితో పని లేకుండా, రెండు వైరు ముక్కలు అడ్డంగా బిగించి ఉన్నాయి.

"ఇది ఎవరు డైరెక్ట్ చేసిండ్రు?"

  బాలరాజు యమున ముఖం చూశాడు, యమున జలీల్ చేతులు చూస్తోంది.

"నేనే చేయించిన" అంది జానకీదేవి.

కొట్టం కొత్తగా అయిన మొదటి వారంలో ఆ స్విచ్చి రోజుకు నాలుగుసార్లు పడిపోయేది. అది పడిందంటే పాలు చల్లబెట్టే ట్యాంకు కూడా ఆగిపోయేది. ఒకరోజు ఆమె ఊళ్లో లేనప్పుడు పడి, సాయంత్రం దాకా ఎవరూ చూడక, ట్యాంకెడు పాలు విరిగిపోయాయి. కరెంటు పని చేసిన పట్నం మిస్త్రీని పిలిస్తే, ఈ స్విచ్చి మరీ సున్నితంగా ఉంది, డైరెక్ట్ చేస్తే గొడవ ఉండదన్నాడు. చెయ్యమన్నది. ఆ తర్వాత పడలేదు. ఇదంతా ఆమె మెల్లగా, మధ్య మధ్య ఆగుతూ చెప్పింది.

దాన్ని ఆర్‌సీసీబీ అంటారని చెప్పాడు జలీల్. పోయిన కరెంటు పోయినంతా వెనక్కి రావాలి. రవ్వంత తక్కువ వచ్చినా, ఎక్కడో ఎవరి ఒంట్లోంచో నేలలోకి కారుతున్నట్టు లెక్క. కన్ను మూసి తెరిచే లోపల అది సప్లయి ఆపేస్తుంది. మామూలు స్విచ్చికి ఆ సంగతి తెలియదు. లోడు ఎక్కువైతేనో, తీగలు కలిస్తేనో పడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయేది దానికి లెక్కలోకే రాదు.

"అప్పుడు అది చెడిపోలేదు అమ్మగారు. మోటరు కారుతున్నదని అప్పుడే చెప్పింది. మీరు నోరు మూయించిండ్రు."

ఈ మాట కటువుగా ఏమీ అనలేదు. మరలు విప్పుతూ, మూతి చివర మర ఒకటి పట్టుకుని, దాని పక్కనుంచి అన్నాడు. జానకీదేవి అక్కడి నుంచి కదిలి నల్లబోర్డు దగ్గరకు పోయింది. నిన్నటి అంకె, మొన్నటి అంకె, అంతకు ముందువి. పైనుంచి కిందికి చూసుకుంటూ చాలాసేపు అటే తిరిగి నిలబడింది.

పని రెండు రోజులు పట్టింది. మోటరు విప్పితే వైండింగు అడుగున పచ్చగా తుప్పు, చెమ్మ. మోటరు నుంచి భూమిలోకి పోవాల్సిన ఎర్తు తీగ గచ్చు వేసేటప్పుడే తెగింది. తెగిన కొస సిమెంటులో అలాగే పూడిపోయి ఉంది. బాలరాజు గడ్డపారతో కొట్టం వెనక కొత్త గుంత తవ్వాడు. జలీల్ అందులో రాగిపూత కడ్డీ దించి, చుట్టూ చెమ్మ పట్టి ఉంచే పొడి నింపి తడిపాడు. తొట్లు, కమ్మీలు, పైపులు, అన్నింటినీ ఒక ఇనుప పట్టీతో కలిపి ఆ కడ్డీకి బిగించాడు. ఇనుము ఎక్కడ ముట్టుకున్నా తేడా లేకుండా ఉండాలన్నాడు. కరెంటు పెట్టెను అటక కింది నుంచి తీసి, నుసి చొరబడని మూతతో ఎదురుగోడకు మార్చాడు. చల్లబెట్టే ట్యాంకుకు ఒక ఆర్‌సీసీబీ, తొట్ల మోటరుకు ఒకటి, పాల మిషనుకు ఒకటి విడివిడిగా పెట్టాడు. ఒకటి పడితే మిగతావి నడుస్తాయి. ఇక పాలు విరిగే భయం లేదు. అప్పుడే ఇట్లా చేస్తే సరిపోయేది కదా అంది జానకీదేవి. సరిపోయేది అన్నాడు జలీల్.

మొదటి రోజు సాయంత్రం, ఆ పని సగంలో ఉండగానే, యమున చేతులు కడుక్కుని సంచి తగిలించుకుంది. జానకీదేవి ఇంట్లోంచి స్టీలు క్యాను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. నిండుగా ఉంది. బరువును బట్టి రోజూ ఇచ్చే లీటరు కన్నా ఎక్కువే. యమున దాన్ని పట్టుకుని ఒక క్షణం నిలబడి, వరండా మెట్టు మీద, ఒలకకుండా, దించింది.

"పాలొద్దమ్మా. నల్గురి ముందు నా సంచి ఇప్పిచ్చిండ్రు. గా నల్గురి ముందే చెప్పుండ్రి. అటెన్క తీస్కపోత."

  యమున గేటు దాటి వెళ్లిపోయింది. రేపు వస్తుందో రాదో చెప్పలేదు. మర్నాడు పొద్దున వచ్చింది. మధ్యాహ్నమూ వచ్చింది. ఆ సంగతి ఎత్తలేదు. బకెట్లతో నీళ్లు పెట్టింది, చేత్తో, మిషనుతో పాలు తీసింది, కొట్టం కడిగింది. జానకీదేవి అడిగితే జవాబిచ్చింది. తనంతట తాను మాట్లాడలేదు.

ఆ సాయంత్రం అయిదింటికి వ్యాను వచ్చింది. సుధీర్ క్యాన్లు ఎక్కించి వెనక తలుపు వేయబోతుంటే, జానకీదేవి ఆగమన్నది. బాలరాజును పిలిచింది. పనిముట్లు సర్దుకుంటున్న జలీల్‌నూ ఉండమంది. ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషి. ఇప్పుడు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"మొన్న నేను యమునను అనుమానించిన. తప్పు నాది. పాలు తగ్గింది నేను చేయించిన పని వల్ల." కాస్త ఆగింది. "బర్రెలు బతికినయి, మనుషులు బతికిండ్రు. అది యమున చూసుకున్నందుకు."

సుధీర్ ఏం చెయ్యాలో తోచక తల ఊపాడు. బాలరాజు గొంతు సవరించుకున్నాడు. యమున తనకు ఏదో గొప్ప సంతోషం కలుగుతుందనుకుంది గాని, అలాంటిదేమీ కలగలేదు. మూడు రోజులుగా భుజాల మధ్య బిగుసుకుని ఉన్నది ఏదో వదులై, హఠాత్తుగా ఆకలి వేసింది. ఆ పూట పాలతో మళ్లీ నింపి మెట్టు మీద పెట్టి ఉన్న క్యాను తీసుకుని, మూత బిగించి, సంచిలో పెట్టుకుంది. ఈసారి మరలు ఒక్కసారికే కూర్చున్నాయి.

బర్రెలు మాత్రం అంత తొందరగా నమ్మలేదు. మీటరులో సున్నా వచ్చినా, తొట్టి చూస్తే ఆగిపోయేవి. జలీల్ మూడుసార్లు కొలిచి చూపించాక, యమున బూట్లు విప్పి, తడి గచ్చు మీద నిలబడి, తొట్టిలో చేతులు పెట్టి నీళ్లు ఆడించేది. దోసిట్లో ఎత్తి చుక్క మూతికి అందించేది. మొదటి రోజు దోసిట్లోవే తాగింది. మూడో రోజు దోసిలి కిందికి దించితే దానితో పాటు మూతీ కిందికి దిగింది. మోటరు గుర్రుమంది. చుక్క చెవులు బిగబట్టి ఆగింది. ఏమీ కాలేదు. మళ్లీ ముంచింది. పక్క బర్రెలు చూస్తున్నాయి. వారం తిరిగేసరికి బోర్డు మీద అంకె మెల్లగా పైకి జరగడం మొదలైంది.

నెల మొదటి తారీఖున స్విచ్చిల మీది బొత్తాములు నొక్కి చూడాలని జలీల్ చెప్పి వెళ్లాడు. నొక్కగానే టక్కున పడితే బాగున్నట్టు. ఆ తారీఖు రాకముందే, ఒక మధ్యాహ్నం, సన్నగా ముసురు పడుతుండగా, ఆరు బర్రెల పాలు అయి ఏడోది మొదలయ్యేసరికి పాల మిషను ఆగిపోయింది. కప్పులు మెత్తగా జారి యమున చేతుల్లోకి వచ్చాయి. పక్కన చల్లబెట్టే ట్యాంకు మాత్రం నడుస్తూనే ఉంది.

బాలరాజు పెట్టె మూత తెరిచాడు. మిషను స్విచ్చి పడిపోయి ఉంది. పైకి ఎత్తాడు. టక్కున పడింది. ఇంకా పదహారు బర్రెలున్నాయి, గంటన్నరలో వ్యాను వస్తుంది. ఏం చేద్దామన్నట్టు బాలరాజు వరండా వైపు చూశాడు. మిషను మోత ఆగడం విని, జానకీదేవి అప్పటికే ఫోనులో మాట్లాడుతూ మెట్లు దిగి వస్తోంది.

యమున కప్పులు కిందికి దించి, లేచి నిలబడింది. అమ్మ ఏమంటుందో వినాలని ఉంది.

"మళ్లీ ఎత్తకు బాలరాజూ. జలీల్‌కు ఫోన్ చేసిన. వచ్చి చూడనీ" అంది జానకీదేవి. మిషను ప్లగ్గు తానే పీకింది. "అప్పటిదాకా చేత్తో పిండుదాం."

ఇద్దరం పదహారు పిండేసరికి వ్యాను ఆగాల్సి వస్తుందన్నాడు బాలరాజు. ముగ్గురం అంది ఆమె. అని, గోడకు తగిలించిన గమ్‌బూట్లలో ఒక జత తీసి తొడుక్కుంది. అవి ఆమెకు పెద్దవయ్యాయి. పీట, బకెట్టు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. యమున చుక్కను చూపించింది. అన్నింట్లోకీ అదే నెమ్మది.

జానకీదేవి మోకాళ్లు పట్టుకుని కష్టంగా కూర్చుంది. చన్ను పట్టుకుని కిందికి లాగింది. చుక్క తల తిప్పి చూసింది. ఒక్క చుక్క పాలు రాలేదు. ఇంకోసారి లాగింది. సన్నని ధార ఒకటి బకెట్టు బయట, బూటు మీద పడింది.

"గుంజకుండ్రి అమ్మా. నొస్తది దానికి." యమున పక్కన గొంతుకూర్చుని, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, వేళ్లు ఒక్కొక్కటిగా సర్దింది. "పైన బిగించుండ్రి. ఇగ కిందికి ఒక్కొక్క వేలు మూస్కుంట రాండ్రి. వదలుండ్రి. మళ్ల."

"రాకపోతే?"

"వస్తయి. జెర ఆగుండ్రి. మీ చెయ్యి కొత్త గదా, అది చేపి పాలు దించాలె."

జానకీదేవి తల వంచి, చుక్క డొక్కకు నుదురు ఆనించింది. యమున తన పీట తీసుకుని పక్క బర్రె దగ్గరకు జరిగింది. కొట్టం మీద ముసురు చప్పుడు, అటు వైపు బాలరాజు బకెట్టులో పాలు పడే చప్పుడు. కాసేపటికి యమున వెనక, ఇంకో బకెట్టు అడుగున, ముందు ఆగి ఆగి, తర్వాత వరసగా ధార పడటం మొదలైంది.